అనాథ ఆమేన్

నేను లోగిట్లో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తుంటే ఆ మాట చెవిన పడింది. పడకుండా ఉంటే ఎంత బాగుండునో.

అరుగు మీద మా ఆయన ఖమూస్, మా యూదుల మందిరం గురువు రిబ్బీ శుషాన్ గారు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. గురువారం సాయంత్రాలు రిబ్బీ మా ఇంటికి వచ్చి నాలుగు ముక్కలు చదివి అర్థం చెప్పిపోతారు. పొద్దుటి నుంచి వెండిపని చేసి వచ్చిన మా ఆయన సగం వింటారు, సగం జోగుతారు. ఆయన జోగుతున్నప్పుడే రిబ్బీ గొంతు గంట కొట్టినట్టు వినిపించింది: "అనాథ ఆమేన్ పలకకూడదు. పలికినవాడి పిల్లలు అనాథలవుతారు."

కాయ నా చేతిలోనే ఉండిపోయింది. ఆ వెంటనే మా పాప నెజ్మా మెట్టు మీంచి దొర్లి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. దాన్ని ఎత్తుకుని, మోకాలు ఊది, నోట్లో ఖర్జూరం ముక్క పెట్టి తిరిగొచ్చేసరికి వాళ్ళు పేజీ తిప్పేశారు. రిబ్బీ కాఫీ అడుగుతున్నారు.

అప్పుడే అడగొచ్చు కదా అంటారు. అడిగితే, "అవునమ్మా, అంతే" అన్నారనుకోండి?

నా చదువు పన్నెండో ఏట ఆగిపోయింది. వెనక తమ్ముళ్ళు వరసగా పుట్టుకొచ్చారు, అమ్మకి చేతులు చాలలేదు. ప్రార్థన పుస్తకం పట్టుకుంటే సగం చదువుతాను, సగం నోటికి వచ్చినదాని వెంట కళ్ళు నడిపిస్తాను. అలాంటిదాన్ని రిబ్బీని ఏం అడుగుతాను? పక్కింటి మన్నానాని అడిగాను. మన్నానా వాళ్ళ నాన్న ఒకప్పుడు మందిరంలో ప్రార్థన చదివించేవాడు. అందుకని తనకి అన్నీ తెలుసని ఊళ్ళో పేరు. ఆ పేరు తనే పెట్టుకుంది.

"అనాథ అంటే ఎవరే?" అంది మన్నానా, చేతులకంటిన పిండి దులుపుకుంటూ.

"అమ్మా నాన్నా లేనివాళ్ళు."

"మరి ఆమేన్‌కి అమ్మా నాన్నా ఎవరు? దాని ముందు చదివే స్తుతి. 'దేవా, నువ్వింతటివాడివి, అంతటివాడివి' అని లోపల మగవాళ్ళు పొగుడుతారు. 'నిజమే' అని మనం ఆమేన్ అంటాం. ఆ పొగడ్త చెవిన పడకుండానే ఆమేన్ అన్నావనుకో..."

"అనుకుంటే?"

"గాలికి పుట్టిన ఆమేన్. దిక్కూ మొక్కూ లేదు. ఎందుకడుగుతున్నావ్? అలా తెల్లబోయావేంటే?"

ఎందుకు తెల్లబోనూ? మా యూదుల పేట చిన్న హారాలో మందిరం ఎంతో పెద్దదేం కాదు గానీ, ఆడవాళ్ళు నిలబడేది బయట, లోగిట్లో, కిటికీ పక్కన. చంటిపిల్లల తల్లులు ఇంకా వెనక, బావి దగ్గర. పిల్ల కేకలు లోపలికి వెళ్ళకూడదని నేను బావి దగ్గర కూడా కాదు, బావి అవతల నిలబడతాను. అక్కడికి లోపలి చదువు తేనెపట్టు మోతలా వస్తుంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. కిటికీ దగ్గరివాళ్ళు ఆమేన్ అంటే నేనూ ఆమేన్ అంటాను. నెజ్మా పుట్టినప్పటి నుంచీ అంతే.

అంటే ఈ రెండేళ్ళుగా నేను పలికినవన్నీ అనాథలే. ఒక్కోటీ నా పిల్ల నెత్తిన పెట్టిన రాయి.

ఆ రోజు నుంచి నాకు దగ్గు వస్తే భయం. మా ఆయన బండేసుకుని హూమత్ సూక్ పట్నంలో తన కొట్టుకి బయల్దేరితే భయం. ఆయన మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేదాన్ని. "ఏంటే, ఏమైనా మర్చిపోయానా?" అని ఆయన వెనక్కి చూసేవారు. "ఏం లేదు, నెమ్మదిగా వెళ్ళండి" అనేదాన్ని. ఆయన మరీ నెమ్మదిగా వెళితే, బండి చెడిపోయిందేమోనని మళ్ళీ భయం.

అసలు మా అత్తగారిని చూస్తే నాకు ధైర్యం రావాలి. కమూనా అత్తయ్యకి చెవులు మొద్దుబారి చాలా ఏళ్ళయింది. చదివేది ఒక్క ముక్క వినపడదు. పక్కవాళ్ళ పెదాలు చూసి, కాస్త ఆలస్యంగా, అందరికంటే గట్టిగా ఆమేన్ అంటుంది. మామగారు హువాటో ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నారు, వాళ్ళ పిల్లలు నలుగురూ క్షేమం. కానీ భయపడేవాళ్ళకి లెక్కలు వేరే ఉంటాయి. ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళైపోయారు కదా, ఆవిడకి ఇది వర్తించదు అనుకున్నాను.

ఇక నెజ్మా సంగతి. అది పుట్టి మొట్టమొదట పలికిన మాట అమ్మ కాదు, నాన్న కాదు, ఆమేన్. రొట్టె మీద ఆమేన్, పండు మీద ఆమేన్. గాడిద ఓండ్ర పెడితే ఆమేన్. వీధిలో చేపలవాడు "మంచి చేపలూ!" అని అరిస్తే లోపలినుంచి "ఆమేన్!" వాడు నవ్వి ఒక చిన్న చేప ఎక్కువ వేసేవాడు. అత్తయ్య మేకని తిట్టినప్పుడు మాత్రం చిక్కొచ్చేది.

"నీ నోరు పడిపోనూ! నా పుదీనా అంతా మేసేశావ్ కదే!"

"ఆమేన్!"

"ఇదిగో కోడలా, నీ కూతురి నోరు ముయ్యి. దీని ఆమేన్ తగిలి మేక పాలు మానేస్తే రేపు కాఫీలోకి నువ్విస్తావా?"

ఇంతకు ముందు ఆ మాటలకి కడుపుబ్బ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు. నెజ్మా నోటి మీద నా అరచెయ్యి పెట్టాను. మెత్తగానే పెట్టాను. మళ్ళీ అన్నప్పుడు మళ్ళీ పెట్టాను. నేనూ నోరు మూసుకున్నాను. మందిరానికి వెళ్ళడం మానలేదు, మానితే ఊరంతా ఎందుకని అడుగుతుంది. వెళ్ళేదాన్ని, బావి అవతల పెదాలు బిగించి నిలబడేదాన్ని, వచ్చేసేదాన్ని.

పిల్లలు ఎంత తొందరగా నేర్చుకుంటారో! ఒక శుక్రవారం సాయంత్రం మా ఆయన ద్రాక్షరసం గిన్నె పైకెత్తి స్తుతి చదివారు. ముగించగానే అందరం నెజ్మా వైపు చూశాం, ఎప్పుడూ దానిదే మొదటి గొంతు. అది నా మొహం చూసింది. తన బుజ్జి అరచెయ్యి తీసి, తన నోరు తనే గట్టిగా మూసుకుంది.

"దీనికేమైంది?" అన్నారు మా ఆయన.

"పళ్ళు వస్తున్నాయేమో."

"వచ్చేశాయిగా అన్నీ. నిన్న నా వేలు కొరికింది."

"దవడ పళ్ళు" అన్నాను.

మామగారు గిన్నె అందుకుని ఒక గుక్క తాగి, "ఆమేన్ లేని ద్రాక్షరసం ఉప్పు లేని చారులా ఉందిరా ఖమూస్" అన్నారు. అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా ఒక గిన్నె కడిగాను. నా పిల్లని కాపాడుతున్నానా, దాని నోట్లోంచి సంతోషాన్ని లాగేస్తున్నానా అన్నది నాకే తెలియలేదు. అయినా దాని చెయ్యి తియ్యలేకపోయాను.

ఇలా ఉండగా పెద్ద హారాలో ఒక పెళ్ళి వచ్చింది. వరుడు మా ఊరివాళ్ళ మేనల్లుడు. పెళ్ళి తర్వాత వచ్చే శనివారపు సబ్బాతు వరుడితో గడపాలని ఊళ్ళో మగవాళ్ళలో చాలామంది శుక్రవారమే అక్కడికి వెళ్ళిపోయారు, వాళ్ళతో భార్యలూ పిల్లలూ. ముసలివాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంటిపిల్లల తల్లులు మిగిలాం. మా ఆయన వెళ్ళేవారే. రిబ్బీ చెయ్యి పట్టుకుని ఆపేశారు: "నువ్వు కూడా వెళితే ప్రార్థనకి కావలసిన పదిమంది మగవాళ్ళు కూడరు. మన మందిరం తలుపు మూతపడుతుంది."

శనివారం పొద్దున్న లోగిట్లో ఆడవాళ్ళం ముగ్గురమే. అత్తయ్య, మన్నానా, నేను. నా చంకలో నెజ్మా. ఎప్పటిలాగే బావి అవతలికి వెళుతుంటే మన్నానా పిలిచింది. "ఇవాళ కిటికీ అంతా మనదేనే, మహారాణుల్లా నిలబడదాం, రా!" నేను వెళ్ళలేదు.

మందిరం బాగోగులు చూసుకునే బూగీద్ తాత గుమ్మంలో నిలబడి మగవాళ్ళని లెక్క చూస్తున్నాడు. మాలో మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, దిష్టి. పది మాటలున్న వాక్యం ఒకటుంది. మనిషికో మాట చొప్పున చదువుకుంటూ వెళతారు. బూగీద్ తాత ఒక్కొక్కరి వైపూ గడ్డం ఆడిస్తూ చదివాడు. ఆఖరి మాట దగ్గర మనిషి దొరకలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. మన్నానా కిటికీలోంచి అరిచింది: "తాతా, నువ్వు లెక్కలో లేవా?" తాత నుదురు కొట్టుకుని, తన గుండెల మీద వేలు పెట్టుకుని ఆఖరి మాట చదివాడు. సరిగ్గా సరిపోయింది.

లోపల ప్రార్థన మొదలైంది. ఎవరికి వారు మౌనంగా చదువుకునే భాగం వచ్చింది. నేనూ గోడ వైపు తిరిగి చదువుకున్నాను. మామూలు రోజుల్లో ఆ ప్రార్థనలో ముందు పొగడ్త ఉంటుంది, మధ్యలో కోరికలు ఉంటాయి, చివర సేవ, కృతజ్ఞత. సబ్బాతునాడు మధ్యలో ఉండే ఆ కోరికలు తీసేస్తారు. యజమానిని ఆ ఒక్క రోజూ ఏదీ అడగకూడదు, ఊరికే పొగడాలి. నాకు అదే చేతకాదు. నాకు అడగడమే వచ్చు. పిల్లని కాపాడు, పిల్లని కాపాడు, ఆయన బండిని కాపాడు.

మౌనం ముగిసింది. ఇక రిబ్బీ పైకి చదవాలి. చదువు మొదలవలేదు. లోపల ఏదో వాదన మొదలై, గొంతులు బావి అవతలికి వినపడేంత పెరిగాయి.

సంగతి ఇదీ. మా చిన్న హారాలో ఉన్నవాళ్ళంతా యాజకులే. యెరూషలేము గుడిలో సేవ చేసినవాళ్ళ వంశం. గుడి పోయాక ఆ సేవలో మిగిలింది ఒక్కటే, రోజూ వేదిక ఎక్కి చేతులెత్తి జనాన్ని దీవించడం. మామూలుగా పదిమంది కింద నిలబడి ఆమేన్ అంటారు, మిగతావాళ్ళు పైన దీవిస్తారు. ఇవాళ ఉన్నదే పదిమంది.

"పదిమందీ ఎక్కితే కింద ఎవరుంటారు? బల్లలా?" అని మామగారి గొంతు.

"ఈ పూటకి దీవెన వదిలేద్దాం."

"వదిలెయ్యడానికి అదేమైనా నీ సొంత కొట్టా?"

"మరి ఆమేన్ ఎవరంటారయ్యా? మేకలా?"

రిబ్బీ శుషాన్ గుమ్మంలోకి వచ్చారు. ప్రార్థన శాలువా భుజాల మీద సర్దుకుని, మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వారు. "మన పెద్దలు దీని గురించి ఎప్పుడో చెప్పి ఉంచారమ్మా. ఊరంతా యాజకులే అయితే అందరూ ఎక్కాలి. మరి ఆమేన్ ఎవరంటారు? ఆడవాళ్ళూ పిల్లలూ అంటారు. రండి, గుమ్మం దగ్గరికి రండి. ఇవాళ మందిరమంటే మీరే."

"ఏం కావాలట?" అంది అత్తయ్య మన్నానా చెవి దగ్గర, ఊరంతా వినేలా. "ఉప్పా?"

"ఆమేన్ కావాలట అత్తా!" అని మన్నానా ఆమె చెవిలో అరిచింది.

"ఓస్, అంతేనా? నా దగ్గర కావలసినంత ఉంది." అత్తయ్య తలగుడ్డ సర్దుకుని గుమ్మం దగ్గరికి నడిచింది.

నేను కదల్లేదు.

"ఘజాలా, రా అమ్మా" అన్నారు రిబ్బీ.

"నేను అనను" అన్నాను.

మన్నానా నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. లోపల మగవాళ్ళు తలలు తిప్పారు. మా ఆయన గుమ్మంలోకి వచ్చేశారు. "ఏమైందే? ఒంట్లో బాలేదా?"

ఇక దాచలేకపోయాను. "నాకు వినపడదండీ. బావి దగ్గర ఏమీ వినపడదు. వినకుండా ఆమేన్ అంటే అది అనాథ అవుతుంది. అన్నవాళ్ళ పిల్లలు కూడా... నేను రెండేళ్ళు అలాగే అన్నాను. తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసి అనలేను." అంటూనే ఏడ్చేశాను. నెజ్మా కూడా మొహం ముడుచుకుని, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

రిబ్బీ ఒక అడుగు ముందుకొచ్చారు. "ఇది నీకెవరు చెప్పారు తల్లీ?" అన్నారు.

"మీరే."

"నేనా?"

"మా అరుగు మీద. ఆయనకి చదివి చెబుతుండగా. నేను చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను."

"మరి ఆ తర్వాత చెప్పింది వినలేదా?"

"పిల్ల మెట్టు మీంచి పడింది."

"ఖమూస్," అన్నారు రిబ్బీ అటు తిరిగి, "నువ్వైనా ఇంటికెళ్ళి చెప్పలేదా ఆ తర్వాత ఏముందో?"

మా ఆయన శాలువా కొసలు చూసుకున్నారు. "నేను... ఆ పేజీ దగ్గర కొంచెం..."

"గురక పెట్టాడు" అన్నారు మామగారు లోపలినుంచి. "నేను మా గదిలోంచి విన్నాను."

లోగిలంతా నవ్వింది. ఏడుస్తూనే నాకూ నవ్వొచ్చింది. రిబ్బీ మెట్టు దిగి, బావి గట్టు దాకా వచ్చారు.

"విను. ఆమేన్ అనాథ అయ్యేది చెవికి వినపడకపోతే కాదు. దేనికి ఆమేన్ అంటున్నామో మనసుకి తెలియకపోతే. పూర్వం ఐగుప్తులో, అలెక్సాండ్రియాలో, ఒక మందిరం ఉండేదట. ఎంత పెద్దదంటే, ముందు చదివేవాడి గొంతు వెనకవాళ్ళకి అందేది కాదు. అందుకని మధ్యలో ఒక మనిషి గుడ్డ పట్టుకుని నిలబడేవాడు. ఒక్కో స్తుతి ముగియగానే ఆ గుడ్డ ఊపేవాడు. వేలమంది ఒక్కసారిగా ఆమేన్! ఒక్క ముక్క వినకుండా! వాళ్ళ పిల్లలంతా అనాథలైపోయారా? లేదు. ఎందుకంటే ఏ స్తుతి నడుస్తోందో వాళ్ళకి తెలుసు. ఇప్పుడు చెప్పు. మేము పైకెక్కి మొదట ఏమని దీవిస్తాం?"

"దేవుడు నిన్ను దీవించి కాపాడు గాక" అన్నాను. మా నాన్న శాలువా కింద తల దాచుకుని చిన్నప్పటి నుంచీ విన్నదే.

"తర్వాత?"

"ఆయన మొహం నీ మీద వెలుగు గాక. తర్వాత, నీకు శాంతినిచ్చు గాక."

"మరి నీ ఆమేన్‌కి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. మేనమామలు కూడా ఉన్నారు. నువ్వెందుకమ్మా దాని నోరు నొక్కేస్తున్నావ్? ఆ పేజీలో చివరి ముక్క కూడా చెప్పేస్తా, నీ మొగుడు నిద్రపోయాడు కాబట్టి. ఆమేన్‌ని సాగదీసి పలికినవాడి రోజులూ ఏళ్ళూ సాగుతాయి. ఆ పెద్దలే ఇంకో మాటన్నారు, దీవించినవాడికన్నా ఆమేన్ అన్నవాడు గొప్ప అని. ఇవాళ మేము పదిమందిమి మీ ముగ్గురి దయ మీద ఉన్నాం."

"ముగ్గురున్నర" అంది మన్నానా, నెజ్మా బుగ్గ గిల్లి.

అప్పుడొక చిక్కు మిగిలింది. గుమ్మం దగ్గర నిలబడినా అత్తయ్యకి వినపడదు. మా పెదాలు చూసి అందామంటే మేమే ఆమేన్ అనేవాళ్ళం. ఆవిడది ఎప్పటిలాగే ఆలస్యమవుతుంది. రిబ్బీ నా భుజం మీదున్న గుడ్డ చూశారు, నెజ్మా నోరు తుడిచేది. "అదిగో అలెక్సాండ్రియా గుడ్డ. ఘజాలా, నువ్వు ఊపు. మీ అత్తగారికి నువ్వే చెవులు."

మగవాళ్ళు చెప్పులు విడిచారు. మా ఊళ్ళో లేవీయులు లేరు, ఉంటే యాజకుల చేతుల మీద నీళ్ళు వాళ్ళు పోసేవాళ్ళు. ఇక్కడ ఒకరికొకరు పోసుకుంటారు. బూగీద్ తాత చెంబు పట్టుకుని అందరికీ పోసి, చివర్న, "నా చేతుల మీద ఎవరు పోస్తారు, మేకా?" అని అడిగితే మా ఆయన పోశారు. వేదిక చిన్నది. పదిమంది ఎక్కడం దాని పుట్టుకలో లేదు. "ఇంకాస్త జరుగు." "జరిగితే గోడలోకి వెళతాను." "నీ పొట్ట లోపలికి లాగు." "లాగితే దీవెన ఎక్కడినుంచి వస్తుందిరా?"

తర్వాత మందిరం నిశ్శబ్దమైంది. రిబ్బీ పైకి చదవడం మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర నిలబడితే ప్రతి మాటా వినిపించింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. స్తుతి తర్వాత స్తుతి. ఒక్కోటి ముగియగానే గుడ్డ ఊపాను, అత్తయ్య ఆమేన్ సరిగ్గా సమయానికి పడింది. ఆవిడ మొహం చూడాలి! ఎన్నేళ్ళుగానో పరుగెత్తి అందుకోలేని బండి తన గుమ్మం ముందే ఆగినట్టు ఉంది. మన్నానా అంటోంది. నా పెదాలు కదిలాయి గానీ గొంతు ఇంకా రాలేదు. నెజ్మా చెయ్యి నోటి మీదే ఉంది.

"మా సేవని ఇష్టంగా అందుకో" అనే చోటు వచ్చింది. పదిమందీ శాలువాలు మొహాల మీదికి లాక్కున్నారు. చేతులు లేచాయి. నేను తల వంచుకున్నాను, దీవెన పలుకుతున్నంతసేపూ ఆ చేతుల్ని చూడకూడదు. పది గొంతులు కలిసి దీవెన పలికాయి. అందులో మా ఆయన గొంతు నేను పోల్చగలను, 'కాపాడు' అనే దగ్గర కొంచెం వణుకుతుంది.

దీవించి కాపాడు గాక.

గుడ్డ ఊపాను. "ఆమేన్" అన్నాను.

పైకి వచ్చింది. నా గొంతే. నెజ్మా తల తిప్పి నన్ను చూసింది, ఎవరో కొత్తావిడ మాట్లాడినట్టు. దాని చేతిని నోటి మీంచి తీసి, ముద్దు పెట్టి, నా మెడ చుట్టూ వేసుకున్నాను.

మొహం వెలుగు గాక.

మళ్ళీ ఊపాను. ఈసారి "ఆ..." అనేసరికే నా చంకలోంచి ఇంకో "ఆ..." లేచింది, సన్నగా, గాడిద ఓండ్రకి జవాబిచ్చినప్పటి బలంతో. "ఆ...మే...న్!" వేదిక మీద ఒక శాలువా కదిలింది. ఏడ్చిందో నవ్విందో తెలియదు, ఎత్తు చూస్తే మా ఆయనదే.

మూడోది, శాంతి. రిబ్బీ సాగదీయమన్నారు కదా! మన్నానా ఊపిరి పీల్చుకుని లాగింది, నేను లాగాను, నెజ్మా లాగింది. మా అత్తయ్య మా ముగ్గురినీ దాటి లాగింది. మన్నానాకి ఊపిరి అయిపోయింది. నాకు అయిపోయింది. నెజ్మా ఆగి, మామ్మ నోట్లోకి ఆశ్చర్యంగా చూస్తోంది. అత్తయ్య ఆపలేదు. మధ్యలో ఒక చిన్న ఊపిరి దొంగిలించి మళ్ళీ అందుకుంది.

ఆమేన్ ముగిసేదాకా చదివేవాడు తర్వాతి మాట ఎత్తకూడదు. దీవించినవాళ్ళు చేతులు దించకూడదు. పదిమంది యాజకులు, అందులో సగం మంది డెబ్భై దాటినవాళ్ళు, చేతులు గాలిలో పెట్టుకుని మా అత్తగారి కోసం ఎదురుచూస్తున్నారు. మోచేతులు వణుకుతున్నాయి. బూగీద్ తాత శాలువా పక్కవాడి భుజం మీదికి ఒరిగింది. ఎవరూ నోరు తెరిచి మాట్లాడటానికి లేదు.

ఈవిడ ఎందుకు ఆపడం లేదు? ఆవిడ కళ్ళు నా చేతి మీదున్నాయి. అప్పుడు చూసుకున్నాను. గుడ్డ ఇంకా ఊపుతూనే ఉన్నాను. సంతోషంలో పడి, కన్నీళ్ళలో పడి, దించడం మర్చిపోయాను. అది ఊగుతున్నంతసేపూ ఆవిడ ఆమేన్ అంటూనే ఉంటుంది, పాపం!

చటుక్కున గుడ్డ దించాను. ఆమేన్ టక్కున ఆగింది. వేదిక మీద ఇరవై చేతులు పండిన కొమ్మల్లా వాలాయి.

ఆ క్షణంలో నాకో సంగతి తట్టింది. ఇంతసేపటి నుంచీ నేను ఏదీ అడగలేదు. పిల్లని కాపాడు అని కూడా అనలేదు.

ప్రార్థన అయ్యాక అందరూ లోగిట్లోకి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే మామగారు భుజాలు పిసుక్కుంటూ అత్తయ్య చెవి దగ్గర అరిచారు: "ఏమే, చంపేస్తావా? చేతులు పడిపోయాయి!"

"ఇన్నేళ్ళ కాపురంలో నేను ముగించేదాకా మీరు ఆగింది ఇవాళే" అంది అత్తయ్య. "రోజూ ఎక్కండి వేదిక."

"కమూనా, నీ ఆమేన్ పెద్ద హారా పెళ్ళిదాకా వెళ్ళి ఉంటుంది" అన్నాడు బూగీద్ తాత. "వాళ్ళు అన్నం ముందు కూర్చుని, ఇదెక్కడి బాకా అనుకుంటుంటారు."

మా ఆయన నెజ్మాని ఎత్తుకున్నారు. నాకేసి చూసి, మెల్లిగా, "నాతో ఒక్క మాట చెప్పాల్సింది" అన్నారు.

"మీరు మెలకువగా ఉన్నప్పుడా?" అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

రిబ్బీ చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నారు. నా మనసులో ఇంకొక ప్రశ్న తిరుగుతోంది. ఈసారి అడగడానికి భయం వెయ్యలేదు. "రిబ్బీ, ఉన్నవాళ్ళంతా పైకెక్కేశారు కదా. మరి ఇవాళ మీరు దీవించింది ఎవరిని? మమ్మల్నా?"

"మిమ్మల్నీ. కానీ అసలు ఎవరి కోసమో తెలుసా? పొలాల్లో ఉన్నవాళ్ళ కోసం. దారిలో ఉన్నవాళ్ళు, పడవల మీద ఉన్నవాళ్ళు, పని వదిలి రాలేనివాళ్ళు. రావాలనుండీ రాలేనివాళ్ళ మీద ఆ దీవెన పడుతుంది."

"అంటే పిల్లకి జ్వరమొచ్చి నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో..."

"ఆ రోజుల్లో నీ మీద ఇంకా తిన్నగా పడింది. నువ్వు ఊరికే కూర్చున్నావా? ఒకడు వేదిక మీద సేవ చేస్తాడు, ఒకతె ఉయ్యాల దగ్గర చేస్తుంది. పైవాడికి రెండూ వినపడతాయి, మీ అత్తగారిలా కాదు."

"నా గురించేనా?" అంది అత్తయ్య వెంటనే. ఆ ఒక్కటి మాత్రం ఎలా వినపడుతుందో!

మర్నాడు ఆదివారం. పెళ్ళికి వెళ్ళినవాళ్ళంతా తెల్లవారేసరికి తిరిగొచ్చేశారు, మందిరం మళ్ళీ నిండింది. నాకు వెళ్ళే తీరిక లేదు. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. నెజ్మా పక్కనే కూర్చుని, నేను పరిచినవాటిని మళ్ళీ కుప్ప చేస్తోంది. అక్కడినుంచి మందిరం లోగిలి కనిపిస్తుంది, వినిపించేది ఏమీ లేదు. కాసేపటికి బూగీద్ తాత చెంబుతో బావి దగ్గరికి రావడం కనిపించింది. వెనకే నలుగురైదుగురు మగవాళ్ళు వచ్చి చేతులు చాపారు. నీళ్ళు పోశాడు. లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు సేవ. ఇప్పుడు కృతజ్ఞత. ఇప్పుడు శాలువాలు లాక్కుంటారు. ఇప్పుడు చేతులు లేస్తాయి.

కారం అంటిన చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డాను. గాలి తప్ప ఏమీ వినపడలేదు. ఏ మాట నడుస్తోందో నాకు తెలుసు.

"ఆమేన్" అన్నాను, ఊపిరి ఉన్నంత మేరకి సాగదీసి.

కింద వంటింట్లోంచి అత్తయ్య అరిచింది: "ఎవరే పైన? ఎవరైనా పిలిచారా?"

"ఆమేన్!" అంది నెజ్మా.